పాడ్రెస్ జీతాల లెక్క: ట్యాటిస్ వరుసలోనే తేడా

అమెరికా బేస్‌బాల్ జట్టు పాడ్రెస్ 2024 జీతాలు కూడితే లగ్జరీ టాక్స్ (జట్టు జీతాలు ఒక పరిమితి దాటితే కట్టే పన్ను) పరిమితికి బాగా కిందే వస్తుంటే, స్టార్ బ్యాటర్ సోటోను ఎందుకు వదులుకున్నారని అడిగారు కదండీ. మీ షీట్‌లో వేసింది ఆ ఏడాది చేతికిచ్చే డబ్బు. లగ్జరీ టాక్స్‌కి పనికొచ్చేది ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు.

పాడ్రెస్ ఆటగాడు ట్యాటిస్‌నే చూడండి. 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్లు. 2024 జీతం 1.1 కోట్లే అయినా పన్ను లెక్కలో దాదాపు 2.43 కోట్లు. ఇంకో ఆటగాడు మచాడోకి 11 ఏళ్లకు 35 కోట్లు, అంటే 3.18 కోట్లు వేయాలి. ఈ రెండు వరుసలు సరిచేస్తేనే మీ మొత్తం చాలా పెరుగుతుంది. ఆటగాళ్ల బీమా, పింఛను వంటి ప్రయోజనాల వాటా కూడా కలపాలి, చాలామంది మరిచిపోయేది అదే.

2024 పరిమితి 23.7 కోట్లు. వరుసగా మూడోసారి లేదా ఆపైన దాటితే దాటిన మొత్తంపై 50 శాతం పన్ను, అదే ఒక్క ఏడాది కిందికి దిగితే మళ్లీ 20 శాతం నుంచి మొదలు. పాడ్రెస్ 2021 నుంచి వరుసగా మూడేళ్లు కట్టారు, కాబట్టి 2024లో పరిమితి కిందికి దిగాల్సి వచ్చింది.

పెద్ద ఒప్పందం ఉన్నవాణ్ని విడుదల చేసినా జీతం లెక్కలోంచి పోదు. సోటోకి అప్పటికి పాడ్రెస్‌తో మిగిలింది ఒక్క ఏడాదే, జీతం 3 కోట్ల పైమాటే. అందుకే ట్రేడ్‌కి (వేరే జట్టుకిచ్చి బదులు ఆటగాళ్లను తీసుకోవడానికి) అతనే వీలయ్యాడు. బదులుగా వచ్చినవాళ్లలో మైకేల్ కింగ్ అప్పట్లో చవక, పైగా స్టార్టర్ (ఆట మొదటి నుంచి బంతి విసిరే పిచర్). నన్నడిగితే బేరం మంచిదే. అతనితో పాటు వచ్చిన థోర్ప్‌ని మాత్రం షీట్‌లో ఉంచకండి, 2024 మార్చిలో పిచర్ సీస్ కోసం వైట్ సాక్స్ జట్టుకి ఇచ్చేశారు.