పాల వ్యాపారం తాతగారిది కావచ్చు, గడువు మాత్రం నాన్నగారు పోయిన రోజు నుంచే

ప్రశ్న: మా తాతగారు 1974లో రెండు గేదెలతో పాల వ్యాపారం మొదలుపెట్టారు. సైకిలుకి క్యాన్లు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పోసేవారు. వేసవిలో మిగిలిన పాలు విరిగిపోతున్నాయని నాయనమ్మ వాటిని మరగబెట్టి పుల్ల ఐస్ చేయించేది. అదే తర్వాత ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ అయింది. 1991లో నాన్న, ఇద్దరు బాబాయిలు పార్ట్‌నర్‌షిప్ రాసుకున్నారు. ఫ్యాక్టరీ స్థలం ఇప్పటికీ తాతగారి పేరు మీదే ఉంది. నాన్న చనిపోయి రెండేళ్ళ పది నెలలైంది. పెద్ద బాబాయి అమ్మ అకౌంట్లో నెలకు పాతిక వేలు వేసేవారు. ఇప్పుడు ఆపేసి, మీకేమీ రాదంటున్నారు. ఫ్యాక్టరీ పేరుకి వాళ్ళబ్బాయి ట్రేడ్‌మార్క్ పెట్టాడట. నాన్న తన వాటా నాకు రాసినట్టు పాత తేదీ స్టాంపు పేపరు మీద కాగితం తయారుచేస్తానని తెలిసిన దస్తావేజుల రైటర్ ఒకాయన అంటున్నారు. యాభై ఏళ్ళ మా కుటుంబ చరిత్రకు న్యాయం జరగదా?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పైన ఇచ్చింది మీ ఉత్తరం సారాంశం మాత్రమే. అసలు ఉత్తరం నాలుగు పేజీలు, అందులో మూడున్నర పేజీలు సైకిలు, గేదెలు, నాయనమ్మగారి చేతి రుచి. పార్ట్‌నర్‌షిప్ డీడ్ గురించి ఒక్క వాక్యం. మీ కేసంతా ఆ వాక్యంలోనే ఉంది.

ఉమ్మడి కుటుంబ వ్యాపారం అని దావా వేస్తే, వాటా లేదన్న సంగతి తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ళ గడువుంటుందని మీకెవరో చెప్పినట్టున్నారు. ఆ మాట పట్టుకోకండి. 1991లో వాటాలు రాసుకుని ముగ్గురూ సంతకాలు చేశాక అది భాగస్వామ్య సంస్థ. దాన్ని కాదనడానికి మీ నాన్నగారి సంతకమే మీకు అడ్డం. డీడ్‌లో వేరే షరతు లేకపోతే భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. రద్దయిన సంస్థ లెక్కలు, లాభాల వాటా అడగడానికి గడువు మూడేళ్ళు. అంటే మీ చేతిలో ఉన్నది రెండు నెలలు.

ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా? నెలనెలా పాతిక వేలు పడుతున్నాయని ఊరుకున్నారు. మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాను. ప్రతి ఎంట్రీ పక్కన మీ పెద్ద బాబాయి ‘వదినకు సాయం’ అని రాయించారు. లాభాల వాటా అని ఒక్కచోటా లేదు. రేపు కోర్టులో అది దయతో ఇచ్చిన డబ్బంటారు. ఆ డబ్బు పడింది కాబట్టి గడువు పెరిగిందనుకోవద్దు. గడువు కొత్తగా మొదలవ్వాలంటే, పాతది ముగియకముందే బాధ్యత ఒప్పుకుంటూ ఆయన సంతకం చేసిన కాగితం ఉండాలి. ‘లెక్కలు దసరా తర్వాత చూద్దాం’ అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజ్ దాచుకోండి, కానీ కేసు బరువంతా దాని మీద వెయ్యకండి. లాయర్ నోటీసు పంపినా గడువు ఆగదు.

మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసు ఉంది. భాగస్వామి 1984లో చనిపోతే, లెక్కల కోసం 1996లో దావా వేశారు. గడువు దాటిందని 2024 మే నెలలో సుప్రీంకోర్టు కొట్టేసింది. గడువు సంగతి అవతలివాళ్ళు లేవనెత్తకపోయినా కోర్టే చూడాలని చెప్పింది.

ఇక ఆ రైటర్ గారి సలహా. ఆయన గడప మళ్ళీ తొక్కకండి. స్టాంపు పేపరు వెనకాల వెండర్ నంబరు, తేదీ, కొన్నవాళ్ళ పేరు ఉంటాయి. అవి రిజిస్టర్లో ఉన్నాయో లేదో చూడటం ఎంతసేపు? మోసం బయటపడితే అది ఫోర్జరీ కేసు. విలువైన పత్రం ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338 కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. పైగా ఆ కాగితం దేనికి? నాన్నగారు వీలునామా రాయకుండా పోతే, ఆయన వాటా భార్యగా మీ అమ్మగారికీ, కూతురిగా మీకూ చట్టమే ఇచ్చింది. ఉన్న హక్కు కోసం దొంగ కాగితం పుట్టిస్తారా!

ముందు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి, అక్కడ సంస్థ రిజిస్టర్ అయి ఉంటే సర్టిఫైడ్ నకళ్ళు తీసుకోండి. నాన్నగారు పోయాక మార్పులేమైనా దాఖలు చేశారా, ఏ తేదీన అన్నది అందులో తెలుస్తుంది. రిజిస్టర్ కాకపోయినా రద్దయిన సంస్థ లెక్కల దావాకు అడ్డు లేదు. ‘ఒకరు మరణించినా సంస్థ కొనసాగును’ అని డీడ్‌లో ఉంటే బాబాయిలు ఆ మాట ఎత్తుతారు. అప్పుడు కూడా నాన్నగారి లెక్క తేల్చాల్సిందే. తేల్చకుండా ఆయన పెట్టుబడితోనే వ్యాపారం నడిపినందుకు, అందులో వచ్చిన లాభమో, ఏడాదికి 6 శాతం వడ్డీయో, మీకు ఏది లాభమైతే అది కోరుకోవచ్చు. ఆ వాదనకు కూడా మూడేళ్ళే లెక్కపెట్టుకోండి.

నాన్నగారి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వెతకండి. సంస్థ నుంచి వచ్చిన లాభాన్ని పన్ను లేని ఆదాయంగా చూపించి ఉంటారు. పాత ఫొటోలకన్నా ఆ పద్దు విలువైనది. తాతగారి చరిత్ర కూడా ఒకచోట పనికొస్తుంది. 1997 దాకా ఐస్‌క్రీమ్ తయారీ చిన్న పరిశ్రమలకే కేటాయించి ఉండేది. కాబట్టి అప్పట్లో జిల్లా పరిశ్రమల కేంద్రంలో రిజిస్ట్రేషన్ చేయించి ఉండొచ్చు. ఆ కాగితం మీద ఏ పేరుతో, ఏ ఏడాది నుంచి ఐస్‌క్రీమ్ చేస్తున్నారో ఉంటే, మీ తమ్ముడి వరసైన ఆ అబ్బాయి ట్రేడ్‌మార్క్‌కు అదే సమాధానం. పేరు, గుడ్‌విల్ (వ్యాపారం సంపాదించుకున్న మంచిపేరు) సంస్థ ఆస్తి. అతని దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పడి నాలుగు నెలలు దాటకపోతే అభ్యంతరం వెయ్యండి. దాటి రిజిస్టర్ అయిపోయుంటే రద్దు కోసం విడిగా పిటిషన్ వెయ్యాలి.

దావా విలువ 3 లక్షలు, ఆ పైన అయితే కమర్షియల్ కోర్టుకు వెళ్ళాలి. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చెయ్యాలి, లేకపోతే దావాను తిప్పికొడతారు. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని గడువులో కలపరు. యంత్రాలు అమ్ముతున్నారన్న ఆధారం ఉంటే నేరుగా దావా, దాంతోపాటే అమ్మకం ఆపమని ఇంజంక్షన్ పిటిషన్ వెయ్యండి.

స్థలం సంగతి వేరు. అది సంస్థ ఆస్తిగా డీడ్‌లో చేరి ఉంటే లెక్కల దావాలోనే తేలుతుంది. చేరకపోతే భాగపరిష్కారం (ఆస్తి పంపకం) దావా వెయ్యొచ్చు, దానికి ఈ మూడేళ్ళ తొందర లేదు. తాతగారి దస్తావేజు నకలు పంపండి, చూసి చెప్తాను. ముందు డీడ్, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని ఈ వారమే మీ ఊళ్ళో సివిల్ లాయర్ దగ్గరికి వెళ్ళండి.