ఇంటి వెనక చికెన్ కాల్చడానికి, పొగబెట్టడానికి తక్కువ ఖర్చులో ఏ గ్రిల్ తీసుకోవాలి?

బెజవాడలో ఇంటి వెనక కాస్త జాగా ఉంది, చికెన్, అప్పుడప్పుడు మటన్, కాల్చుకోవడమే కాదు పొగబెట్టడం కూడా కావాలి అంటున్నారు కాబట్టి మూత ఉన్న గుండ్రటి బొగ్గుల గ్రిల్ తీసుకోండి. మూత లేని పెట్టె గ్రిల్ ఇంకా చవకే, సీకులకి సరిపోతుంది కానీ పొగ నిలవదు.

కొనేటప్పుడు ముందు గాలి రంధ్రాలు చూడండి. కింద ఒకటి, మూత మీద ఒకటి, రెండూ తెరిచి మూసేలా ఉండాలి, వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా వాటితోనే పని. బొగ్గులు ఒక పక్కకి నెట్టి, మాంసం రెండో పక్కన పెట్టి, మూత వేసి లోపల 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెట్టగలిగితే అదే స్మోకర్ (పొగబెట్టే పొయ్యి), వేరేగా కొనక్కర్లేదు. చికెన్ లోపలి భాగం 74 డిగ్రీలు చేరాలి, అందుకని మిగిలిన డబ్బుతో గుచ్చి చూసే థర్మామీటర్ కొనుక్కోండి. మూతకి బిగించి వచ్చే, వేడి చూపించే డయల్‌ని నేనైతే నమ్మను.

ఇంకా తక్కువలో అంటే ఆటోనగర్ వైపు పాత డ్రమ్ము కోయించి వెల్డింగ్ చేయించుకోవచ్చు. కాకపోతే ఇదివరకు అందులో ఏం పోశారో తెలియనిది, జింకు పూత ఉన్నది అస్సలు వద్దు, బాగా వేడెక్కితే విషపు పొగ వస్తుంది.

పొగకి బాగా ఎండిన మామిడి, జామ కర్ర ముక్కలు చాలు. ప్లైవుడ్, రంగేసిన చెక్క వేయకండి. వానాకాలంలో బూడిద లోపలే వదిలేస్తే తేమ పట్టి అడుగు తుప్పు తినేస్తుంది, పూర్తిగా చల్లారాక తీసేయండి.