కాపురం చెడిపోయిందంటే విడాకులు ఇచ్చేస్తారా?

ప్రశ్న: మా పెళ్లి 2013లో హిందూ సంప్రదాయంలో జరిగింది. ఆయన చేయి చేసుకోవడం భరించలేక 2018లో పుట్టింటికి వచ్చేశాను. పిల్లలు లేరు. విడాకులకు ఆయన ససేమిరా అంటున్నారు. ఇక అతకదని తేలిపోయిన పెళ్లిళ్లను సుప్రీంకోర్టు రద్దు చేస్తోందట కదా, నేరుగా అక్కడికే వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లలేరు. 2023 మే 1న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఇదీ: వివాహం కోలుకోలేనంతగా విఫలమైందని నమ్మకం కుదిరితే, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద, ఒకరు వద్దన్నా సుప్రీంకోర్టు విడాకులు ఇవ్వగలదు. అయితే అందుకోసం నేరుగా రిట్ (సుప్రీంకోర్టులోనో హైకోర్టులోనో సూటిగా వేసే పిటిషన్) వేయడానికి వీల్లేదని కూడా అదే తీర్పులో ఉంది. పైగా అది కోర్టు విచక్షణే తప్ప మీ హక్కు కాదు. అదే ఏడాది అక్టోబరులో, దశాబ్దాలుగా విడిగా ఉంటున్న ఓ వృద్ధ దంపతుల కేసులో 82 ఏళ్ల భార్య వద్దన్నందుకు విడాకులు నిరాకరించింది.

హిందూ వివాహ చట్టం, 1955లో ‘కోలుకోలేనంతగా విఫలమైన వివాహం’ అన్న కారణం ఇప్పటికీ లేదు. చేర్చాలని లా కమిషన్ 1978లోనూ, మళ్లీ 2009లోనూ సిఫారసు చేసింది. 2013లో బిల్లు రాజ్యసభ దాటింది గానీ చట్టం కాలేదు. కాబట్టి ఫ్యామిలీ కోర్టులో ‘ఏడేళ్లుగా విడిగా ఉన్నాం’ అన్న ఒక్క ముక్క మీద పిటిషన్ నడిపితే కొట్టేస్తారు.

మీది సెక్షన్ 13(1)(ఐఎ) కింద, అంటే క్రూరత్వం కింద వేయాల్సిన పిటిషన్. విడిగా గడిపిన ఏళ్లు దానికి బలం. నాలుగేళ్లు కలిసుండి పాతికేళ్లు విడిపోయిన జంట కేసులో, అంత సుదీర్ఘ ఎడబాటునూ క్రూరత్వంగానే చూడవచ్చని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఇల్లు వదిలి వచ్చింది మీరు కనుక, ‘ఆమే నన్ను వదిలేసింది’ అని ఆయన వాదించడం ఖాయం. దానికి జవాబు పిటిషన్‌లోనే ఉండాలి: ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎందుకు రావాల్సి వచ్చింది. ‘తరచూ హింసించేవాడు’ అని ఊరుకుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు. ఆసుపత్రి చీటీ, పోలీసు ఫిర్యాదు కాపీ, పెద్దమనుషుల్లో ఒకరి సాక్ష్యం బాగా పనికొస్తాయి. వాట్సాప్ మెసేజీలు పెడితే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువీకరణ) జతచేయాలి. చాలామంది ఇదే మరిచిపోతారు. మధ్యలో రాజీపడి మళ్లీ కాపురానికి వెళ్లి ఉంటే దాచకండి. పాత తప్పులు క్షమించేశారని అవతలివారు అంటారు.

మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు, హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 19 ఆ వీలు భార్యకు ఇచ్చింది. మధ్యంతర భరణం (కేసు నడిచేంతకాలం ఇచ్చేది) కావాలంటే అదే చట్టం సెక్షన్ 24 దరఖాస్తుతో పాటు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ తప్పనిసరి. ఆయన కాపురానికి రమ్మని సెక్షన్ 9 కేసు వేసి గెలిచినా కంగారు పడకండి. డిక్రీ తర్వాత ఏడాదిపాటు కలిసి ఉండకపోతే, ఆ కారణంతోనే విడాకులు కోరే వీలు ఇద్దరికీ ఉంటుంది.

ప్రశ్న: ఇద్దరం ఒప్పుకున్నాం, విడిగా ఉండబట్టి రెండేళ్లు. ఆరు నెలల గడువు తప్పించుకోలేమా?

జవాబు: తప్పించుకోవచ్చు. పరస్పర అంగీకార విడాకులకు సంబంధించిన సెక్షన్ 13బిలో, మొదటి మోషన్‌కు (ఇద్దరూ కలిసి తొలిసారి కోర్టును కోరడం), రెండో మోషన్‌కు (అదే కోరికను ఖరారు చేయడం) మధ్య ఉండే ఈ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర ఎడబాటు పూర్తవ్వాలి, రాజీ యత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉండాలి. మొదటి మోషన్ అయిన వారం తర్వాత మినహాయింపు దరఖాస్తు పెట్టండి. డబ్బు మాత్రం మొదట్లోనే మొత్తం చేతికివ్వకండి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే కొంత మొదటి మోషన్‌కు, మిగతాది రెండోదాని రోజున డీడీ రూపంలో ఇచ్చేలా ఒప్పందంలోనే రాయించండి.