పాఠకుల ప్రశ్నలు: హైస్కూల్లో ప్రోగ్రామింగ్ తప్పనిసరి చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి 8వ తరగతి చదువుతోంది. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రోగ్రామింగును అందరికీ తప్పనిసరి చేస్తున్నామనీ, దానికి పుస్తకం, ఫీజు, పరీక్ష విడిగా ఉంటాయనీ పాఠశాలలో చెప్పారు. మావారు మిర్చి యార్డులో గుమస్తా. "ఊళ్లో పిల్లలందరూ సాఫ్ట్‌వేరులోకే పోతారా ఏమిటి?" అని ఆయన కొట్టిపారేస్తున్నారు. ఇప్పుడు నేర్పించకపోతే పిల్ల వెనకబడిపోతుందేమోనని నాకు దిగులు. ఇలా తప్పనిసరి చేయడం మంచిదేనా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీవారి మాటలో న్యాయం ఉంది. అందరూ సాఫ్ట్‌వేరులోకి పోరు, పోనక్కరలేదు కూడా. అయినా హైస్కూల్లో ఒకటి రెండేళ్లు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ప్రోగ్రామింగ్ నేర్పి తీరాలనే నా అభిప్రాయం. అయితే దానికి మార్కుల పరీక్ష పెట్టకూడదు. ఈ రెండో మాట మొదటి మాటకంటే ముఖ్యమని ఎందుకంటున్నానో చెప్పాలంటే నా చదువు సంగతి కొంత చెప్పుకోవాలి.

1990ల మొదట్లో విజయవాడలోని ఒక కళాశాలలో నేను డిగ్రీ చదివేటప్పుడు కంప్యూటర్ గది అంటే గుడితో సమానం. చెప్పులు బయట విడిచి లోపలికి వెళితే ఏసీ చల్లదనం, ఆరు కంప్యూటర్లు, ఒక్కొక్కదాని ముందు ఐదుగురం ఉండేవాళ్లం. వారానికి పది నిమిషాలు కీబోర్డు చేతికందితే గొప్ప. రికార్డు పుస్తకం మాత్రం నిండుగా ఉండేది. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రామూ, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిలుతో గీసిన పెట్టెలో 'అవుట్‌పుట్' అనే శీర్షిక కింద నాలుగు అంకెలూ రాసేవాళ్లం. ఆ అంకెలు ఏ కంప్యూటరూ ఇచ్చినవి కావు, సీనియర్ల రికార్డులోంచి దించినవి. ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచీ వరుస, పాలిండ్రోమ్ అనే మూడు ప్రోగ్రాములు కంఠస్థం వస్తే ప్రాక్టికల్స్ గట్టెక్కేవి. నాకు యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. అప్పటికి నేను సొంతంగా ఒక్క ప్రోగ్రామూ రాసి ఎరుగను. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అదే సబ్జెక్టు బోధించాను కాబట్టి, యంత్రాలు మారినా రికార్డు సంస్కృతి మారలేదని నిబ్బరంగా చెప్పగలను.

ఇక, పరీక్ష లేని ప్రోగ్రామింగ్ ఎలా ఉంటుందంటారా? మీవారికి సులువుగా అర్థమయ్యే ఉదాహరణే చెబుతాను. గత వేసవిలో మా అన్నయ్యగారి మనవరాలు, 9వ తరగతి పిల్ల, వాళ్ల నాన్న యార్డుకు తెచ్చిన మిర్చి టిక్కీలకు, అంటే బస్తాలకు, డబ్బెంత వస్తుందో చెప్పే ప్రోగ్రామును పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాయబోయింది. టిక్కీల బరువులు ఒక్కొక్కటే అడిగి, అన్నీ కలిపి, క్వింటా ధరతో లెక్కగట్టడమే దాని పని. పరీక్షించడానికి రెండు టిక్కీల బరువులిచ్చింది, ఒకటి 40 కిలోలు, రెండోది 42 కిలోలు. క్వింటా ధర 12,000 అని వేసింది. రావలసింది 9,840 రూపాయలు. తెర మీద కనిపించింది 4,85,040 రూపాయలు. పిల్ల నవ్వింది, వాళ్ల నాన్న నోరు తెరిచాడు, ఆ తర్వాత గంటసేపు ఆ తప్పెక్కడుందో వెతకడంలో ఇద్దరూ అన్నం సంగతే మరిచిపోయారు.

తప్పు చిన్నదే. మనం కీబోర్డు మీద కొట్టిన 40ని పైథాన్ సంఖ్యగా తీసుకోదు, 4, 0 అనే రెండు అక్షరాలుగా తీసుకుంటుంది. అక్షరాలను అక్షరాలతో కలిపితే అవి పక్కపక్కన చేరతాయి గనక 40, 42 కలిసి 82 కాకుండా 4042 అయ్యాయి. పిల్ల వాటిని కలిపిన తర్వాత సంఖ్యగా మార్చింది. ఒక్కొక్కదాన్నీ ముందే సంఖ్యగా మార్చి, ఆపైన కలపాలి. ఇది నేను చెప్పలేదు. మధ్యమధ్య విలువలను తెర మీదికి రప్పించి చూసుకుంటూ ఆమే పట్టుకుంది. మర్నాడు వాళ్ల నాన్న గోతం బరువు తరుగు తీయలేదని, కమీషనూ హమాలీ కూలీ మినహాయించలేదని, తాలు కాయలకు వేరే ధర ఉంటుందని ఒక్కొక్కటే గుర్తుచేస్తుంటే, ప్రోగ్రాము పదకొండు వరుసల నుంచి నలభై వరుసలకు పెరిగింది. రోజూ నోటితో చేసే లెక్కలో ఇన్ని మెట్లున్నాయని ఆయనకు కూడా అప్పుడే తెలిసిందట.

నేను తప్పనిసరి కావాలంటున్నది ఈ అనుభవం. తనకు తెలిసిన పనిని మెట్లుమెట్లుగా విడగొట్టి, అర్థం చేసుకోవడమంటే ఏమిటో తెలియని యంత్రానికి చెప్పి, అది తప్పు చేస్తే ఆ తప్పు తనదేనని ఒప్పుకుని సరిచేసుకోవడం. రేపు ఆ పిల్ల డాక్టరైనా, యార్డులో వ్యాపారం చేసినా, బ్యాంకు అప్పు ఎందుకు తిరస్కరించిందో చెప్పని ఒక సాఫ్ట్‌వేరు ముందు నిలబడవలసి వచ్చినా, దాని వెనక ఎవరో ఒక మనిషి రాసిన షరతులున్నాయని ఆమెకు తెలిసి ఉంటుంది. ఈ ఎరుక కొందరికే పరిమితం కావడం మంచిది కాదు. ఐచ్ఛికంగా వదిలేస్తే ఏమవుతుందో ఇంగ్లండులో కనిపించింది. అక్కడ 16 ఏళ్ల వయసులో రాసే పరీక్షల్లో కంప్యూటర్ సైన్సు విద్యార్థి కోరుకుంటేనే ఉంటుంది. 2017లో రాయల్ సొసైటీ అనే అక్కడి శాస్త్రవేత్తల సంస్థ పరిశీలించినప్పుడు, అది ఎంచుకున్నవారిలో ఆడపిల్లలు ఐదోవంతే ఉన్నారు.

మరి పరీక్ష ఎందుకు వద్దంటున్నాను? మన పదో తరగతికి ఇప్పటికే ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు ఉన్నాయి. ఏడోది చేరిన నెలలోనే గైడూ, బిట్ బ్యాంకూ, ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితా బజారులోకి వస్తాయి, "కింది ప్రోగ్రాము అవుట్‌పుట్ రాయుము" అనే ప్రశ్నకు జవాబు బట్టీపట్టించే స్టడీ అవర్లు మొదలవుతాయి. గుంటూరు, విజయవాడల్లో మన పిల్లలను ఏ వయసు నుంచి ర్యాంకులకు సానబెడుతున్నామో మీకు నేను చెప్పాలా? 2020 జాతీయ విద్యావిధానం కూడా 6 నుంచి 8 తరగతులుండే మధ్య దశలో కోడింగుకు సంబంధించిన కృత్యాలు ప్రవేశపెట్టాలన్నది. కృత్యాలంటే చేసి చూసేవి, చదివి అప్పజెప్పేవి కావు.

కాబట్టి పాఠశాల వారిని మూడు విషయాలు అడగండి. వారంలో ఎన్ని నిమిషాలు మా అమ్మాయి ఒక్కతే కంప్యూటరు ముందు కూర్చుంటుంది? పాఠం చెప్పేవారు సొంతంగా ప్రోగ్రాములు రాస్తారా? రికార్డు రాయించే ఉద్దేశం ఉందా? మూడోదానికి ఉందంటే ఆ ఫీజు మీరు రికార్డు పుస్తకానికి కడుతున్నట్టే. ఇక దిగులంటారా, 8వ తరగతిలో నేర్వనిది 20వ ఏట నేర్చుకుని చక్కగా స్థిరపడిన విద్యార్థులను నేను ఎందరినో చూశాను. ఆ తొందర పెట్టేది ప్రకటనలే.

ప్రశ్న: నేను మంగళగిరి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా బడిలో పది కంప్యూటర్లుంటే నాలుగు పనిచేస్తాయి, తరగతికి అరవై మంది పిల్లలు. తప్పనిసరి అంటే ఆ భారం కూడా గణితం మాస్టార్ల నెత్తినే పడుతుంది. ఇది ఆచరణలో సాధ్యమా?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ అనుమానం ముమ్మాటికీ నిజం, అది మీ నెత్తినే పడుతుంది. ఇంగ్లండు 2014 సెప్టెంబరులో పాత కంప్యూటర్ వినియోగ పాఠాన్ని తీసేసి, ఐదేళ్ల వయసు నుంచే ప్రోగ్రామింగుతో కూడిన కొత్త పాఠ్యప్రణాళికను అమల్లోకి తెచ్చింది. నేర్పగల ఉపాధ్యాయులు చాలక, నాలుగేళ్ల తర్వాత 2018లో వారి శిక్షణ కోసమే 8.4 కోట్ల పౌండ్లతో ఒక జాతీయ కేంద్రాన్ని నెలకొల్పవలసి వచ్చింది. అంత డబ్బున్న దేశమే ముందు ఉత్తర్వు ఇచ్చి తర్వాత మాస్టార్లను వెతుక్కుంది. జపాన్ కొంత నిదానించింది. 2020లో ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టి, 2022లో ఉన్నత పాఠశాలల్లో తప్పనిసరి చేసి, ఆ పిల్లలు చదువు ముగించే వేళకు, 2025 జనవరిలో, విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశపరీక్షలో చేర్చింది. ఆ చివరి మెట్టు మనకు వద్దంటాను గానీ, ఆ వరుస మాత్రం మనం నేర్చుకోదగినదే.

మన దగ్గర 2023-24 యూడైస్ ప్లస్ (కేంద్రం ఏటా సేకరించే బడుల వివరాలు) లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్లున్న పాఠశాలలు 57.2 శాతం. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు, నాడు-నేడు కింద తరగతి గదుల్లో పెద్ద డిజిటల్ తెరలు బిగించారు. అవి పాఠాలు చూడటానికి పనికొచ్చాయి. చూడటం వేరు, చేయడం వేరు. కనుక ముందు ఉపాధ్యాయులు, తర్వాత యంత్రాలు, ఆ తర్వాతే ఉత్తర్వు రావాలి.

అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అక్కరలేదు. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ పిల్లల కోసం లోగో అనే భాషను తయారుచేశారు. 'ముందుకు వంద, కుడికి తొంభై' అని చెబితే తాబేలు అలా కదిలి గీత గీస్తుంది. ఆ తాబేలు ఇప్పుడు పైథాన్‌లోనూ ఉచితంగా ఉంది, కానీ మీకు కంప్యూటరు కూడా అవసరం లేదు. వరండాలో ఒక పిల్లవాణ్ణి తాబేలుగా నిలబెట్టి, చేతికి సుద్దముక్క ఇచ్చి, మిగిలినవాళ్లను ఆజ్ఞలు రాయమనండి. చతురస్రం అందరికీ వస్తుంది. సమబాహు త్రిభుజం గీయించమంటే దాదాపు అందరూ 'కుడికి అరవై' అని రాస్తారు, ఎందుకంటే పుస్తకంలో కోణం 60 డిగ్రీలు కదా. తాబేలు ఆ ప్రకారం నడిచి, మూడు గీతల తర్వాత కూడా మొదలైన చోటికి చేరదు, సగం షడ్భుజి గీసి స్తంభం దగ్గర ఆగిపోతుంది. తిరగవలసింది లోపలి కోణం కాదు, బాహ్యకోణమనీ, అది 120 డిగ్రీలనీ ఆ వరండాలో తేలినంత తేటగా నల్లబల్ల మీద తేలదు. దీన్ని మీ గణితం పీరియడులోనే చేయించవచ్చు, పై అధికారుల అనుమతి కూడా అక్కరలేదు.

ప్రశ్న: కృత్రిమ మేధే ప్రోగ్రాములు రాసేస్తున్న రోజుల్లో హైస్కూలు పిల్లల మీద ఇది రుద్దడం దేనికి?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పైన చెప్పిన టిక్కీల లెక్కనే నేను అటువంటి యంత్రానికి ఇచ్చి చూశాను. నిమిషంలోపు తప్పుల్లేని ప్రోగ్రాము చేతికొచ్చింది. అందులో గోతం తరుగు లేదు, తాలు ధర లేదు, ఎందుకంటే నేను అడగలేదు. ఏమడగాలో, వచ్చినదాంట్లో ఏది లోపించిందో ఎవరు చెబుతారు? యార్డు తెలిసినవాళ్లు, ప్రోగ్రాము చదవగలవాళ్లు చెబుతారు. ఆ రెండూ ఒకే మనిషికి తెలిసి ఉంటే ఇంకా మంచిది. కోడ్ వేగంగా రాయడం నేర్పే పాఠాలకు కాలం చెల్లుతోందని మాత్రం ఒప్పుకుంటాను, అందుకే రెండేళ్లు చాలునంటున్నాను. పిల్లలందరినీ ఉద్యోగానికి తయారుచేయడానికే ఇదంతా అనుకుంటే ఆ రెండేళ్లు కూడా దండగే.

ప్రశ్న: నేను తెలుగు మాధ్యమంలో 9వ తరగతి చదువుతున్నాను. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు ప్రోగ్రామింగ్ వస్తుందా సార్?
— ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: వస్తుంది బాబూ. పైథాన్‌లో తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన ఇంగ్లీషు మాటలు 35 వరకే ఉన్నాయి, నీ క్రికెట్ మాటలకంటే తక్కువ. మిగతా పేర్లు నీ ఇష్టం. పైథాన్ మూడో రూపం 2008లో వచ్చినప్పటి నుంచి విలువలకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు, ఈ సంగతి చాలామంది మాస్టార్లకు కూడా తెలియదు. ఇంట్లో ఎవరిదైనా ఫోను కాసేపు అడిగి, పైథాన్ నడిపే ఉచిత యాప్ ఒకటి పెట్టుకుని, మొదటి వరుసలో ధర = 12000 అనీ, రెండో వరుసలో బరువు = 82 అనీ, మూడో వరుసలో ప్రింట్ అనే మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాసి దాని పక్కన కుండలీకరణాల్లో ధర * బరువు / 100 అనీ కొట్టి చూడు. 9840.0 అని వస్తుంది. చివర ఆ చుక్కా సున్నా ఎందుకు వచ్చాయో కనుక్కుని నాకు ఉత్తరం రాయి.