ఎవరూ బలవంతం చేయనప్పుడు దోపిడీ ఎట్లవుతుంది?

ఇష్టమైతే పనికి పోతారు లేకపోతే మానేస్తారు, మధ్యలో సోషలిస్టులు దోపిడీ అనేదేంటి, పని గంటలు తగ్గిస్తే జనం సోమరులైపోరా అని అడిగినారు. మాది ధర్మవరం, మగ్గం గుంత ఉన్న ఇంట్లో పుట్టినోణ్ణి, నాకు తెలిసింది చెప్తా.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. సూపర్‌వైజర్ లేడు, గేటు లేదు, ఎప్పుడు దిగినా అడిగేవాడు లేడు. అయినా పొద్దు మునిగినాక కూడా లైటేసుకుని నేసేవాడు, ఎందుకంటే కూలి చీర లెక్కన. రేషం అంటే పట్టుదారం షావుకారిది, వార్పు అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, అదీ ఆయనదే, చీర అమ్మేదీ ఆయనే రేటు కట్టేదీ ఆయనే, పైగా పెళ్లికో జబ్బుకో తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇంకో షావుకారి దగ్గరికి పోను వీల్లేదు. ఇంక ఇష్టం అనే మాటకి చోటెక్కడుంది? మార్క్స్ 1867లో వచ్చిన కాపిటల్ పుస్తకం మొదటి భాగంలో పీసు కూలి, అంటే చేసిన సరుకు లెక్కన ఇచ్చే కూలి మీద ఒక చాప్టరే రాసినాడు, ఎక్కువ చేస్తే నాకే ఎక్కువొస్తుందని పనోడు తనంతట తనే గంటలు పెంచుకుంటాడు, అందరూ అట్లే పెంచుకునేసరికి కూలి రేటు దిగుతుంది అని. నాకది అర్థం కావడానికి ఉదాహరణ వెతుక్కోవాల్సిన పని పడలేదు.

అమ్మ నేతకి కావాల్సిన దారాన్ని కండెలకి చుట్టేది, అది లేకుండా చీర లేదు. ఆ పనంతా నాయన కూలిలోనే కలిసిపోయింది, ఆమె పేరు మీద ఒక్క రూపాయి రాలేదు. దీని గురించి సోషలిస్టుల్లో కూడా గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువే, నాకు కోపం వచ్చేది అక్కడే.

మా షావుకారి మంచి మనిషే, కష్టానికి ఆదుకున్నాడు కూడా. కానీ రోజులో కొంతసేపటి పనితోనే మన కూలికి సరిపడా విలువ వచ్చేస్తుంది, మిగతా సేపు చేసింది పెట్టుబడి పెట్టినోడికి పోతుంది, సోషలిస్టులు దోపిడీ అనేది దీన్ని. ఆ మిగతా సేపు ఎంతుండాల అనేదే కొట్లాట, 1886లో షికాగోలో రోజుకి 8 గంటలే పని ఉండాలని సమ్మె చేసింది అందుకే. మన 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకి 9, వారానికి 48 గంటలు అని పెట్టింది, దాటితే డబుల్ కూలి, 2025లో మన రాష్ట్ర క్యాబినెట్ ఆ 9ని 10 చేయడానికి ఒప్పుకుంది. ఇంట్లో మగ్గానికైతే ఆ 9 కూడా ఎప్పుడూ లేదు.

సోమరితనం మాటకొస్తే, వార్పు అయిపోయి కొత్తది రాకపోతే నాయనకి ఖాళీనే, కూలి ఉండదు కాబట్టి ఆ రోజులన్నీ షావుకారి ఇంటి చుట్టూ తిరగడానికే సరిపోయేవి. ఆయనకి భజనంటే ప్రాణం, హార్మోనియం బాగా వాయించేవాడు, పండగలప్పుడు తప్ప దాన్ని ముట్టుకునే టైమే దొరకలేదు. కూలి తగ్గకుండా గంటలు తగ్గాల అని పోరాడినోళ్లు అడిగింది ఆ టైమే, మనిషి తనకి నచ్చింది చేసుకునే టైము. నాయనని సోమరి అని ఎవరంటారు?

మా వైపు చేనేతకైతే ముందు కావాల్సింది రేషం కొనడం, చీర అమ్మడం నేసేవాళ్ల సొసైటీ చేతికి రావడం, ఆ సొసైటీ పుస్తకంలో కండెలు చుట్టే ఆడోళ్లకి కూడా వాళ్ల పేరు మీదే కూలి రాయడం.