హ్యామర్ కోరల్ ఎందుకు ముడుచుకుపోతోంది?

ప్రశ్న: మా ఇంట్లో 75 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది, పెట్టి ఏడాదిన్నర అయింది. అందులో ఐదు కొమ్మల హ్యామర్ కోరల్ (సుత్తి ఆకారపు కొనలున్న పగడపు జీవి) మూడు వారాలుగా సరిగ్గా విచ్చుకోవడం లేదు. రంగు పాలిపోలేదు గాని, రెండు కొమ్మల్లో కణజాలం అంచుల దగ్గర వెనక్కి తగ్గి తెల్లని అస్థిపంజరం బయటపడుతోంది. చేపలు చలాకీగానే ఉన్నాయి. నాచు ఎక్కువైందని రెండు నెలల క్రితం ఫిల్టరులో ఫాస్ఫేటును పీల్చే జీఎఫ్‌ఓ రేణువులు వేశాను. ఈ మధ్య కొత్త ఎల్‌ఈడీ దీపం అమర్చాను. ప్రతి ఆదివారం కొంత నీరు మార్చి, వారానికి సరిపడా కాల్షియం, ఆల్కలినిటీ (కోరల్ అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల మోతాదు) ద్రావణాలు పోస్తాను. సోమవారం పరీక్షించినప్పుడు ఆల్కలినిటీ 11 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం 430, మెగ్నీషియం 1320 పీపీఎం, నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, సాంద్రత 1.025 వచ్చాయి. కారణం దీపమేనా? ఇది కోలుకుంటే వేసవిలో విశాఖపట్నం వెళ్లేటప్పుడు మా తమ్ముడికి ఒక కొమ్మ తీసుకువెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందుగా ఈ రాత్రే ఒక పని చేయండి. దీపాలు ఆరిన తరువాత టార్చితో ఆ రెండు కొమ్మలను దగ్గరగా పరిశీలించండి. కణజాలం మీద గోధుమ రంగు జిగురు పట్టి దుర్వాసన వస్తుంటే అది బ్రౌన్ జెల్లీ అనే తెగులు. ఒకటి రెండు రోజుల్లోనే కొమ్మ మొత్తాన్ని తినేసి పక్క కొమ్మలకు పాకగలదు కాబట్టి దాని విషయంలో ఆగడానికి వీల్లేదు. పంపులు ఆపి, జిగురును సన్నని గొట్టంతో బయటికి లాగేసి, తెగులు సోకిన కొమ్మను ప్రాణం లేని అస్థిపంజరం భాగంలో కత్తిరించి తీసివేయాలి. మిగిలిన కోరల్‌ను వేరే పాత్రలో, తొట్టె నీటితోనే కలిపిన అయోడిన్ ద్రావణంలో, సీసా మీద రాసిన సమయం మేరకు ముంచి ఉంచాలి. ఆ నీటిని తిరిగి తొట్టెలో పోయకూడదు. అలా ముంచినప్పుడే యూఫిలియా (హ్యామర్ కోరల్ చేరిన వర్గం) కోరళ్లను తినే పలుచని చదును పురుగులు ఉంటే అవి కూడా రాలిపడి కనిపిస్తాయి. చేతులకు తొడుగులు తప్పనిసరి.

జిగురు గాని పురుగులు గాని లేకపోతే, మీరు రాసిన వివరాలను బట్టి నా అనుమానం దీపం మీద లేదు. వెలుగు ఎక్కువైనప్పుడు కోరల్ సాధారణంగా తన కణజాలంలో నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలను కోల్పోయి తెల్లబడుతుంది. మీ కోరల్ రంగు నిలిచే ఉంది, తగ్గుతున్నది కణజాలం. దీపాన్ని కొంతకాలం తక్కువ తీవ్రతలో ఉంచి మెల్లగా పెంచండి, అంతవరకు చాలు.

అసలు చిక్కు ఆల్కలినిటీలో ఉందని నేను నమ్ముతున్నాను. మీరు చెప్పిన 11 అనేది ద్రావణం పోసిన మర్నాటి అంకె. కోరళ్లు వారమంతా దాన్ని వాడుకుంటాయి గనుక శనివారం నాటికి అది 8కి పడిపోయి, ఆదివారం సాయంత్రానికి ఒక్కసారిగా మళ్లీ పైకి లేస్తూ ఉండవచ్చు. కాల్షియం అంకె మిమ్మల్ని నిశ్చింతగా ఉంచింది, కాని ఇక్కడ అది సాక్ష్యంగా పనికిరాదు: అస్థిపంజరం కట్టుకోవడంలో 2.8 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం తగ్గేది సుమారు 20 పీపీఎం మాత్రమే, ఆ తేడా మామూలు టెస్ట్ కిట్ల పొరపాటులోనే కలిసిపోతుంది. దీనికి తోడు నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. ఎముక కట్టడానికి కావలసిన సరుకు అతిగా ఉండి, కణజాలం పెరగడానికి కావలసిన పోషకాలు లేనప్పుడు కోరళ్లు ఇలా అంచుల నుంచి తగ్గిపోవడం ఈ అభిరుచి ఉన్నవారు తరచూ చూసేదే.

కాబట్టి వచ్చే ఆదివారం ఆల్కలినిటీ ద్రావణం పోయకండి. రోజూ ఒకే వేళకు కొలిచి రాసుకోండి. రోజుకు ఎంత తగ్గుతోందో అదే మీ తొట్టె నిజమైన వాడకం. అది 8.5 దగ్గరికి వచ్చాక, ఆ వాడకానికి సరిపడేంత ద్రావణాన్ని రోజూ పోయండి. కాల్షియం ద్రావణాన్ని మాత్రం వేరే పూట పోయాలి, లేకుంటే రెండూ కలిసి సున్నపు పొడిగా అడుగున పేరుకుంటాయి. నీరు మార్చడానికి కలిపే ఉప్పు నీటి ఆల్కలినిటీని కూడా ఒకసారి కొలవండి. కొన్ని రకాల ఉప్పులో అది 11 దాటి ఉంటుంది. జీఎఫ్‌ఓను ఇప్పుడు సగం, వారం తరువాత మిగతా సగం తీసివేసి, చేపలకు మేత కొద్దిగా పెంచండి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలిస్తే బాగుంటుంది. నాచు తిరిగి వస్తుందన్న మీ భయం సహజమే. దానికి నాచు తినే నత్తలను పెట్టుకోండి, పోషకాలను మాత్రం మళ్లీ సున్నాకు దించకండి.

ఒక్క విషయం అదనంగా చూడండి. టెక్సస్‌లో చాలా నగరాలు కుళాయి నీటిలో క్లోరమైన్ కలుపుతాయి. దాన్ని విడగొట్టేది మీ ఆర్‌ఓ డీఐ (కుళాయి నీటిని శుద్ధి చేసే) యంత్రంలోని కార్బన్. అది అరిగిపోయిన సంగతి నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చూపదు, కనుక క్లోరిన్ పరీక్ష వేరుగా చేయాలి.

ఈ రోజుల్లో కోరల్‌ను అటూ ఇటూ జరపకండి, ముడుచుకుని ఉన్నప్పుడు మేత పెట్టకండి, సీసాల్లో అమ్మే ఏ కొత్త మందూ కలపకండి. ప్రవాహం దాని మీదికి సూటిగా కొట్టకుండా, టెంటకిల్స్ (మెత్తని చేతుల్లాంటి భాగాలు) మెల్లగా ఊగేలా మాత్రం చూడండి. బయటపడిన అస్థిపంజరాన్ని కణజాలం అంత త్వరగా కప్పదు. తగ్గుదల ఆగిందా లేదా అన్నదే చూడవలసిన గుర్తు; అందుకు వారానికి ఒకసారి అదే కోణంలో ఫోటో తీసుకుని పోల్చండి.

ఇక మీ తమ్ముడి సంగతి. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. హ్యామర్ కోరల్ వంటి రాతి కోరళ్లన్నీ అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రం లేకుండా దేశం దాటించడం నేరం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోకి 2001లో ఇవి చేరాయి. మీ తమ్ముడికి ఉప్పునీటి తొట్టె మీద మనసుంటే, చట్టం అడ్డుపడని చేపలతో దాన్ని మొదలుపెట్టమనండి. ఉప్పు కలపడం, కొలతలు తీయడం వంటివి మీరు దగ్గరుండి నేర్పవచ్చు.