పిల్లోళ్లు సీట్లు పాడుచేస్తారని ముందే 32 వేలు కట్టాలా?

ప్రశ్న: సార్, మాది కర్నూలు, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఉంటాం. ఇద్దరం కలిపి నెలకి 58 వేలు సంపాదిస్తాం. 8 లక్షల కారు బుక్ చేసినాం, లోను 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు. బాబుకి 7, పాపకి 4. కారు లోపలంతా లేత గోధుమరంగు. పిల్లోళ్లు పాడుచేస్తే రేపు అమ్మేటప్పుడు రేటు రాదని షోరూములో 32 వేల ప్యాకేజీ చెప్తున్నారు. సీటు కవర్లు 11 వేలు, మ్యాట్లు 6,500, లోపల కోటింగు 9 వేలు, డోర్ ప్యాడ్లు, రంగు లైట్లు 5,500. లోన్లో కలిపేస్తే నెలకి అయిదొందలే కదా మేడమ్ అంటున్నారు. మా ఆయనేమో అవన్నీ ఎందుకు, కంపెనీ వేసిచ్చిన పాలిథిన్ కవర్లే ఏడాది పీకకుండా ఉంచుదాం అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ "అయిదొందలే" సంగతి చూద్దాం అమ్మా, మిగతావి తర్వాత. 32 వేలు 9.5 శాతానికి 84 నెలలు అంటే నెలకి 523 రూపాయలు, మొత్తం కట్టేది దగ్గరదగ్గర 44 వేలు. అంటే 12 వేలు వడ్డీకే పోతాయి. ఇంకో సంగతి కూడా ఉంది, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో సీటు కవరు మూడు నాలుగేళ్లు బతికితే గొప్ప, ఆ తర్వాత అది చినిగి పారేసినాక కూడా మీరు దాని ఈఎంఐ కడుతూనే ఉంటారు. ఏ వస్తువైనా దాని ఆయుష్షు కన్నా అప్పు ఆయుష్షు ఎక్కువ ఉండకూడదు, నేను ఎవరికైనా ఇదే చెప్తా. కావాలంటే చేతిలో ఉన్న డబ్బుతో కొనండి, లోన్లో మాత్రం కలపనీయద్దు.

ఇంగ అమ్మేటప్పుడు రేటు. ఇన్సూరెన్సులో కారు విలువ లెక్కగట్టే ఐడీవీ పట్టిక ఒకటి ఉంటుంది, దాని ప్రకారం ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తరుగు. మీ సీట్లు అద్దంలా మెరిసినా, పిల్లోళ్లు గీతలు గీసినా ఆ తరుగు ఆగదు. బయట మార్కెట్ రేటు వేరే ఉండొచ్చు, కానీ కొనేవాళ్లు కూడా చూసేది కిలోమీటర్లు, సర్వీసు బుక్కు, యాక్సిడెంట్ అయిందా లేదా, టైర్లు, ఎంతమంది చేతులు మారింది, ఇవే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కూడా, కొత్తదే తగ్గినాక పాతదానికి సీట్లు చూసి ఎవరు ఎక్కువిస్తారు చెప్పండి. అమ్మే ముందు ఒక్కసారి మంచి వాషింగ్ సెంటర్లో లోపలంతా షాంపూ, వాక్యూమ్ చేయిస్తే రెండు మూడు వేల్లో అయిపోయే పనికి, ఈరోజే అప్పు చేసి ఏడేళ్లలో 44 వేలు కట్టడం నాకైతే అర్థం కాదు.

కొంతమంది జీరో డెప్ పాలసీ ఉంది కదా సీటు చినిగితే వస్తుంది అనుకుంటారు, రాదు. వాడకంతో వచ్చే అరుగుదల ఏ కారు పాలసీలోనూ కవర్ అవ్వదు. జీరో డెప్ పనికొచ్చేది యాక్సిడెంట్ క్లెయిములో, మామూలుగా ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు 50 శాతం కోస్తారు కదా ఆ కోత లేకుండా. పైగా ఏదో చిన్నదానికి క్లెయిమ్ పెట్టుకుంటే ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) పోతుంది, అది మొదటి ఏడాది 20 శాతంతో మొదలై క్లెయిమ్ లేకపోతే 50 దాకా పోయే డిస్కౌంటు, దాన్ని పోగొట్టుకోవద్దు.

మీ ఆయన చెప్పినదాంట్లో ఖర్చు వద్దు అన్నది కరెక్టే, పాలిథిన్ సంగతి మాత్రం కాదు. మన ఎండలకి ఆ కవరు కింద చెమట, తేమ పట్టి వాసనొస్తుంది, పిల్లోళ్లు జారిపోతుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటే (సీటు పక్కన చిన్న ట్యాగు మీద రాసుంటుంది చూడండి) దాన్ని ఏదీ మూయకూడదు. డెలివరీ రోజే పీకేయండి. షోరూము 11 వేల కవర్లకి కూడా ఇదే మాట, ఎయిర్‌బ్యాగు దగ్గర విడిగా కుట్టిన కవరు కాకపోతే ముందు సీట్లకి అస్సలు వద్దు.

కోటింగు 9 వేలు పూర్తిగా కొట్టేయండి. రంగు లైట్లూ అంతే, వైర్లు కోసి కలిపితే రేపు కరెంటు సైడు ఏదన్నా వస్తే వారంటీ దగ్గర పేచీ పెడతారు. మ్యాట్లు మాత్రం కావాలి, కానీ ఆ మందపాటి 7డీ మ్యాట్లు వద్దు, వాటి కింద నీళ్లు పోతే కార్పెట్ ఎన్నాళ్లయినా ఆరదు. కడిగి ఎండలో వేసుకునే మామూలు రబ్బరు మ్యాట్లు, డ్రైవర్ సైడు హుక్కుకి తగిలేవి తీసుకోండి, పెడల్ కిందకి జరగకూడదు.

అసలు పాడయ్యేది వెనక సీటు, ముందు సీట్ల వీపులు. బాబు కాళ్లు ఆడించినప్పుడల్లా షూ తగిలేది అక్కడే. టౌన్లో సీట్లు కుట్టే షాపుకి పోయి రెండు రెగ్జిన్ ముక్కలు వెనకాల కట్టుకునేటట్టు కుట్టించుకోండి, కింద ఒక జేబు పెట్టిస్తే బాటిళ్లు, బొమ్మలు కూడా పడతాయి. వెనక సీటుకి ఉతుక్కునే కాటన్ కవరు, బెల్టు బకిల్స్ బయటికొచ్చేటట్టు రంధ్రాలు పెట్టించి. మ్యాట్లు, ముందు అద్దానికి ఎండ అట్టతో కలిపి అన్నీ అయిదారు వేలు దాటవు. ఆ ఎండ అట్ట మాత్రం మర్చిపోవద్దు, మే నెలలో బయట పెట్టిన కార్లో పిల్లోళ్లు మర్చిపోయిన క్రేయాన్ కరిగి సీట్లోకి దిగితే ఆ మరక ఇంగ వదలదు.

ఉగ్గాని బజ్జీ కార్లో తినకుండా మన పిల్లోళ్లు ఉంటారా, మనమే ఉండలేం. పసుపు అంటితే ముందు తడిగుడ్డతో అద్ది తీయండి, రుద్దితే లోపలికి పోతుంది. సబ్బు తగలగానే ఎర్రగా అవుతుంది, గాబరా పడద్దు, పసుపు గుణమే అంత, నీళ్లతో తుడిచేసి ఎండ తగిలేటట్టు పెడితే నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. నూనె మరక మాత్రం అప్పటికప్పుడే చూసుకోవాలి. వానల్లో ఊరికి పోతే నల్లరేగడి అంటుతుంది చూడండి, దాన్ని తడిమీద తుడిచారంటే సీటంతా పూసినట్టే, పూర్తిగా ఎండనిచ్చి బ్రష్షుతో దులపండి. హ్యాండ్ శానిటైజర్ డాష్‌బోర్డు మీద, రెగ్జిన్ మీద వాడద్దు, రంగు పోతుంది.

నన్నడిగితే మరకల కన్నా ఖరీదైనది బిస్కెట్ పొడి. సీటు సందుల్లో బొరుగులు, బిస్కెట్ ముక్కలు ఉంటే చీమలు, వాటెనక ఎలుకలు, అవి వైరింగ్ కొరికితే వచ్చే బిల్లు ముందు మీ 32 వేలు చిన్నగా కనపడొచ్చు. ఎలుక కొరికిన దానికి మీ పాలసీలో ఇస్తారా ఇవ్వరా అని ఇన్సూరెన్సోళ్లని ఇప్పుడే మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి, నోటిమాట చెల్లదు. వారానికోసారి చిన్న వాక్యూమ్, అంతే.

మీ ప్రశ్నలో లేనిది ఒకటి చెప్తా. 32 వేల ప్యాకేజీలో చైల్డ్ సీటు ఉందా? లేదు కదా. 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం వెయ్యి రూపాయలు ఫైను, ఫైను సంగతి పక్కన పెట్టినా హైదరాబాద్ హైవే మీద పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని పోయేది ఎట్ల ధైర్యం చేస్తాం. పాపకి చైల్డ్ సీటు, బాబుకి బూస్టర్ (ఎత్తు పెంచే సీటు), బెల్టు మెడమీద కాకుండా భుజం మీద పడేంత ఎత్తొచ్చేదాకా. రెండింటికీ కలిపి 12 వేలు పెట్టుకోండి. బెల్టులో కూర్చున్న పిల్లలు సీటెక్కి గెంతరు, డోర్లమీద తన్నరు, అంటే లోపల అరిగేది సగానికి సగం అక్కడే తగ్గిపోతుంది. చైల్డ్ సీటు కింద వేసుకునే గుడ్డ మాత్రం పల్చగా, దాని బుక్కులో ఒప్పుకున్నదే వేయండి.

ఇప్పుడు లెక్క. చైల్డ్ సీట్లు 12 వేలు, మిగతావి 6 వేలు, మొత్తం 18 వేలు, లోన్లో కాదు, చేతి డబ్బుతో. ఒకేసారి లేకపోతే ముందు చైల్డ్ సీట్లు, కవర్లు రెండు నెలలాగి. లోన్లో పోయేదనుకున్న ఆ 523 ఉంది చూడండి, దాన్ని 500 చేసి ఒక ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) పెట్టండి, ఏడాదికి ఆరువేల చిల్లర అవుతుంది, కవర్లు మార్చాలన్నా వాషింగన్నా టైరు పంచరన్నా అందులోంచే. పాపకి సుకన్య ఖాతా లేకపోతే ఈ నెల్లోనే పోస్టాఫీసులో తెరవండి, పదేళ్ల లోపే తెరవాలి, 250 రూపాయలతో కూడా మొదలవుతుంది. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి ప్రభుత్వం మార్చొచ్చు గానీ అదే నిలబడితే, ఉదాహరణకి ఇప్పుడు వేసిన 20 వేలు 21 ఏళ్లకి లక్ష పైచిలుకు.

చివరగా షోరూములో జాగ్రత్త. యాక్సెసరీస్ ప్యాకేజీ తీసుకుంటేనే త్వరగా డెలివరీ అంటే ఒప్పుకోవద్దు. ఫైనల్ బిల్లు ముందురోజే వాట్సాప్‌లో తెప్పించుకుని లైను లైను చూడండి, ఒక్కోసారి మనం వద్దన్న కోటింగు కూడా వేరే పేరుతో అందులోనే ఉంటుంది. బ్యాంకోళ్లకి పోయే లోన్ మొత్తం కూడా అదే బిల్లుతో సరిపోయిందో లేదో చూసి అప్పుడు సంతకం పెట్టండి.